పొద్దుటి పూట సౌనా పొగ

ఆ శనివారం పొద్దున రెయినో సారెలా పెట్టుకున్న పని చిన్నదే. మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోపు పదిహేడు ఫొటోలు తీసెయ్యాలి. ఏవి తీసినా సరే. ఆవు, బంగాళాదుంపల మడి, ట్రాక్టరు, వాగు, మళ్ళీ ఆవు.

ఇదంతా తండ్రి పెట్టిన నియమం వల్ల వచ్చింది. తండ్రి రాగి గనిలో పనిచేసిన రోజుల్లో, కొలతలు తీసే జర్మను ఇంజనీరు దగ్గర ఒక కెమెరా కొన్నాడు. పోయేముందు దాన్ని కొడుకులిద్దరికీ కలిపి రాసిచ్చాడు. ఒక ఏడాది పెద్దవాడు వైనో దగ్గర, మరుసటి ఏడాది చిన్నవాడు రెయినో దగ్గర ఉండాలి. జూన్‌లో నడివేసవి పండగ శనివారం నాడు, పన్నెండు గంటలకు చేతులు మారాలి. ఇచ్చేవాడు పాత రీలు పూర్తిచేసి, కొత్త రీలు ఎక్కించి మరీ ఇవ్వాలి. పొలాల పంపకంలో గానీ ఆవుల పంపకంలో గానీ అన్నదమ్ములు ఒక్క మాట అనుకోలేదు. కెమెరా విషయంలో మాత్రం పంతొమ్మిదేళ్ళుగా పోట్లాడుకుంటున్నారు.

ఈ ఏడాది రీలులో ఇంకో సంగతి ఉంది. అందులో మొదటి ఫొటో వాళ్ళ అమ్మ ఫీనాది. పోయిన పండగనాడు వైనో కెమెరా ఇచ్చిన అయిదు నిమిషాలకే రెయినో తీశాడు. ఆవిరిస్నానపు సౌనా మెట్టు మీద కూర్చుని ఆమె నవ్వుతోంది. కెమెరా కనిపిస్తే చాలు పళ్ళు పీకేవాడిని చూసినట్టు మూతి బిగించే మనిషి, ఎనభై రెండేళ్ళలో ఆ ఒక్కసారే నవ్వుతూ దొరికింది. నవంబరులో పోయింది. రీలు ఇంకా కెమెరాలోనే ఉంది. సగం రీలు తీసి కడిగించడం దుబారా అని రెయినో అభిప్రాయం.

లెక్క ముల్లు పంతొమ్మిది మీద ఉంది. వైనో ముప్ఫై ఆరు ఫొటోల రీలు తప్ప ఇంకోటి కొనడు. ఊరందరికీ తెలిసిన సంగతే. కాబట్టి ఇంకా పదిహేడు.

రెయినో ఆవు ముందు నిలబడి కెమెరా కంటికి ఆనించాడు. ఆవు వెనక్కి తిరిగింది. రెయినోకి కోపం రావడానికి ఆవు అవసరం లేదు, కానీ ఉంటే తొందరగా వస్తుంది. వెనకభాగాన్నే ఫొటో తీసి, రీలు తిప్పే గుబ్బ పట్టుకుని తిప్పాడు. అది సగం తిరిగి ఆగిపోయింది. గట్టిగా తిప్పాడు. కదల్లేదు. పళ్ళబిగువున తిప్పాడు. లోపల ఎక్కడో కిర్రుమంది.

దయ్యం పేరు పెట్టి ఒక్క అరుపు అరిచాడు. ఆవు పది గజాలు అవతలికి పోయింది.

వంటింట్లోంచి భార్య సెల్మా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏవైందయ్యా?"

"బిగుసుకుపోయింది."

"ఏది, అదా నువ్వా?"

"కెమెరా. గుబ్బ తిరగట్లేదు."

"బావగారు ఎలాగూ వస్తాడుగా, ఆయన్నే అడగరాదూ? నీకిచ్చేముందు ఏడాదంతా ఆయన దగ్గరేగా ఉంది."

"అడుగుతా," అన్నాడు రెయినో. "చచ్చాక అడుగుతా. నేనే పాడుచేశానని ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. చిన్నప్పుడు నా చేతిలో కొడవలి విరిగిందని ఇప్పటికీ చెప్తున్నాడు."

"విరిగింది కదా మరి."

రెయినో కెమెరాని తిప్పి తిప్పి చూశాడు. లోపల ఏం పట్టేసిందో చూడాలంటే కెమెరా వెనక తలుపు తెరవాలి. వెలుగులో తెరిస్తే రీలు మొత్తం నల్లగా మాడిపోతుంది, అమ్మ నవ్వుతో సహా. చిమ్మచీకటి కావాలి. దుంపల నేలమాళిగకి ఎలుకలు కన్నం పెట్టాయి. కొట్టం గోడల నిండా సందులే. ఇక మిగిలింది వాగు ఒడ్డున ఉన్న సౌనా. తండ్రి దేవదారు దుంగలతో కట్టిన ఆవిరిస్నానపు గది అది. ఒకే ఒక్క కిటికీ. దానికి గుర్రపు కంబళి కొడితే తారు డబ్బాలో కూర్చున్నట్టే.

"ఎవరొచ్చినా తలుపు తీయనీకు. ఒక్క గీత వెలుగు పడిందంటే అమ్మ పోయినట్టే," అన్నాడు. "కెమెరా సంగతి అన్నకి తెలిసిందో, ఊరుకోను."

"అడిగితే ఏం చెప్పను?"

"సౌనాలో ఉన్నాడని చెప్పు. అబద్ధం కాదుగా."

తొమ్మిదింటికి గడియారాలు విప్పే చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని లోపలికెళ్ళి గడియ వేసుకున్నాడు.

సౌనాకి ఒక కట్టుబాటు ఉంది. అందులో అరవకూడదు, తిట్టకూడదు, చర్చిలో ఎలా ఉంటారో అలా ఉండాలి. సారెలా వాళ్ళు తరతరాలుగా అందులోనే పుట్టారు, చచ్చాక అందులోనే ఆఖరి స్నానం చేశారు. రెయినో, వైనో ఇద్దరూ ఆ కింది బల్ల మీదే కళ్ళు తెరిచారు. అమ్మను కడిగిందీ ఆ బల్ల మీదే. మిగతా లోకమంతా రెయినో నోటికి భయపడుతుంది. సౌనాకి మాత్రం రెయినో భయపడతాడు.

బల్ల మీద కూర్చుని ముందు గుబ్బ విప్పుదామనుకున్నాడు. వెనక తలుపు సంగతి తరవాత చూడొచ్చు, పట్టేసింది గుబ్బేగా. తడుముకుంటూ నడిమి మర విప్పాడు. గుబ్బ పైకి వచ్చింది. దాని కింద ఏదో సన్నగా తగిలింది. ఏమిటా అని వేలితో నొక్కాడు.

అది ఎగిరిపోయింది. టింగుమని పై బల్లకు తగిలిన చప్పుడైంది, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. స్ప్రింగు.

దయ్యం పేరు నాలిక చివరిదాకా వచ్చింది. రెయినో పెదాలు బిగించాడు. మింగిన మాట గొంతులో మూలుగై బయటికి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా తడుముతూ మూలుగుతూ ముక్కుతూ వెతకసాగాడు.

సరిగ్గా అప్పుడే వైనో వచ్చాడు. పన్నెండింటికి రావలసిన మనిషి తొమ్మిదిన్నరకే దిగాడు. అరవై ఒక్క ఏళ్ళు, రెయినో కన్నా నాలుగేళ్ళు పెద్ద, నాలుగు అంగుళాలు పొట్టి.

"వాడేడమ్మా?"

"సౌనాలో ఉన్నాడు బావగారూ."

వైనో పొగగొట్టం వైపు చూశాడు. "పొగ లేదే."

"లేదు. ఊరికే ఉన్నాడు."

"చల్లటి సౌనాలోనా? పొద్దున పూటా?"

"కదిలించొద్దన్నాడు," అంది సెల్మా. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు, కాబట్టి తల వంచుకుని చెప్పింది. దాంతో అది అబద్ధం కన్నా పెద్దదిగా కనబడింది.

వైనో సౌనా దగ్గరికి నడిచాడు. కిటికీకి లోపలనుంచి కంబళి కొట్టి ఉంది. గోడకు చెవి ఆనించాడు. లోపల తమ్ముడు నేల మీద పాకుతూ మూలుగుతున్నాడు. నవంబరులో అమ్మను అక్కడే కడిగారు. ఆ రోజు రెయినో ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. శవపెట్టె మేకులు వంకరగా ఉన్నాయని వడ్రంగిని తిట్టాడు. ఏడు నెలలు దాచుకున్న ఏడుపు ఈ పండగనాడు, ఫొటో తీసిన ఆ మెట్టు దగ్గరే బయటపడిందన్నమాట. వైనో టోపీ తీశాడు.

తమ్ముణ్ణి ఓదార్చడం అతనికి చేతకాదు. ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. చేతనైనది ఒక్కటే ఉంది. సౌనా పొయ్యి నోరు బయటి గోడకి ఉంటుంది. అక్కడ కూర్చుని బిర్చి చెట్టు బెరడు పెట్టి, పొడి కట్టెలు పేర్చి, చప్పుడు కాకుండా అంటించాడు. పాపం, కనీసం వెచ్చగా ఏడవనీ అనుకున్నాడు.

లోపల రెయినోకి ముందు బెరడు కాలిన వాసన వచ్చింది. తరవాత పొయ్యి మీద పేర్చిన రాళ్ళు వేడెక్కి టపటపమనడం వినిపించింది. ఆ తర్వాత బయట ఎవరో దగ్గారు. ఆ దగ్గు పుట్టినప్పటినుంచీ తెలుసు.

'పసిగట్టాడు. నన్ను ఉడకబెట్టి కెమెరా లాక్కోడానికే ఇదంతా,' అనుకున్నాడు.

పది నిమిషాల్లో చొక్కా తీశాడు. మరో పది నిమిషాల్లో మిగతావీ తీశాడు. స్ప్రింగు వెతకడం మానేసి, వేడి పైకి పోతుంది కదా అని నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింది సందుకి ముక్కు ఆనించాడు. వెలుగు రాకుండా ముందే తను ఆ సందులో గోనెసంచి ఒకటి కుక్కాడు. కాబట్టి ముక్కుకి దొరికింది గోనె వాసన కలిసిన గాలే.

వెనక గోడ దగ్గర సెల్మా గొంతు గుసగుసగా వినిపించింది.

"ఏవయ్యా, బతికున్నావా?"

"పొయ్యి ఆర్పు."

"ఎలా ఆర్పను? బావగారు దాని ముందే కూచున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు."

"దేనికి?"

"నువ్వు అత్త కోసం ఏడుస్తున్నావని. ఏడవట్లేదు, కెమెరా పాడుచేశాడని చెప్పెయ్యనా?"

రాళ్ళు టపటపమన్నాయి.

"వద్దు," అన్నాడు రెయినో.

"అయితే కాస్త వినబడేలా ఏడువు. కట్టెలు తగ్గిస్తాడేమో."

రెయినో ఏడవలేదు. కానీ కోపంతో ఊపిరి పీల్చిన తీరు బయటికి అలాగే వినిపించింది. వైనో ఇంకో రెండు కట్టెలు వేశాడు.

వాగు అవతల ఇంట్లో హిల్దా పిన్ని పాలు వడకడుతూ కిటికీలోంచి చూసింది. ఆమెకు ఎనభై దాటాయి, కళ్ళు మాత్రం డేగ కళ్ళు. శనివారం సౌనా పొగ సాయంత్రం నాలుగింటికి లేస్తుంది, ఆ పల్లెలో అన్ని ఇళ్ళకీ అంతే. పొద్దున పదింటికి లేచిందంటే ఒకటే అర్థం: నీళ్ళు కాస్తున్నారు, ఎవరినో కడగాలి. ఆమె వడకట్టు గుడ్డ కింద పెట్టి ఫోను తీసింది.

"సెల్మా, ఎవరే పొయ్యి దగ్గర?"

"బావగారు, పిన్నీ."

హిల్దా కళ్ళు మూసుకుంది. ఏడాదికొకసారి తప్ప ఆ గడప తొక్కని అన్న వచ్చి పొయ్యి అంటించాడు. ఇంటి పెద్దవాడే అంటించాలి, అది పద్ధతి.

"రెయినో ఏడీ?"

"సౌనాలో."

"ఎప్పటినుంచి?"

"తొమ్మిది నుంచి. ఇంకేం అడక్కు పిన్నీ, చెప్పలేను," అంది సెల్మా, మాట ఇచ్చింది కాబట్టి.

"అడగనమ్మా," అంది హిల్దా. "నువ్వు కూచో. కాఫీ మేం తెస్తాం."

ఆ ఫోను తీగ మీద ఎనిమిది ఇళ్ళున్నాయి. ఒక ఇంటికి గంట మోగితే మిగతా ఏడిళ్ళూ చెవి ఆనించడం అక్కడ రివాజు. హిల్దా ఫోను పెట్టేలోపే ఏడు పొయ్యిల మీద కాఫీ కెటిళ్ళు ఎక్కాయి.

ఇదేమీ తెలియని రెయినో ఇక లాభం లేదని కెమెరా వెనక తలుపు తెరిచాడు. చెమట పట్టిన వేళ్ళతో లోపల తడిమాడు. పళ్ళ చక్రం బాగానే ఉంది. ఏదీ విరగలేదు. ఫిల్ము ఒక పక్క చుట్టలో నిండుగా చుట్టుకుని ఉంది. రెండో పక్క డబ్బాలోంచి వచ్చే కొస తీగలా బిగుసుకుని ఉంది. లాగాడు. రాలేదు. ఇంకా లోపల ఉంటేగా రావడానికి.

రీలు అయిపోయింది. ఇరవై ఫొటోలకే.

గుబ్బ పాడవలేదు. ఏదీ పట్టెయ్యలేదు. అయిపోయిన రీలు ముందుకి తిరగదు, అది చంటిపిల్లకి కూడా తెలుసు. అడుగున ఉన్న బొడిపె నొక్కి, చిన్న పిడి పట్టుకుని ఎండలో నిలబడి వెనక్కి చుట్టుకుని ఉంటే రెండు నిమిషాల పని. అన్న ముప్ఫై ఆరు కాకుండా ఇరవైది ఎక్కించి, చెప్పకుండా చేతికిచ్చాడు. బాగున్న కెమెరాని రెయినో ఇప్పుడు విప్పి పాడుచేశాడు. అదీ దిగంబరంగా, సౌనాలో, నేల మీద పడుకుని.

యాభై ఏడేళ్ళలో అతనికి అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఒక్క మాట తిట్టడానికి వీల్లేదు. నేల చెక్కని పళ్ళతో కొరికాడు.

వెనక తలుపు మూసి, బొడిపె నొక్కిపట్టి, పిడి తిప్పసాగాడు. లోహం పెనంలా కాలుతోంది. బొటనవేలు కాలితే చూపుడువేలు, అదీ కాలితే నడిమివేలు. ఒక్కొక్క చుట్టుకీ అన్నని మనసులో ఒక్కొక్క పేరుతో పిలిచాడు. పేర్లు అయిపోయే వేళకి పిడి తేలికైంది. రీలు డబ్బాలోకి చేరింది. దాన్ని తీసి ఊలు మేజోడులో పెట్టి, మేజోడుని బూటులో కుక్కాడు.

అప్పుడు వినిపించింది పాట. చాలా గొంతులు, నెమ్మదిగా. పెట్టెని గోతిలోకి దించేటప్పుడు పాడే కీర్తన అది. ఎవరో పోయారు, తను ఇక్కడ కెమెరా విప్పుకుంటూ కూర్చున్నాడు. కిటికీకి కొట్టిన కంబళి ఒక్క లాగు లాగి నడుముకు చుట్టుకుని గడియ తీశాడు.

బయట ఇరవైమంది దాకా నల్ల బట్టల్లో నిలబడి ఉన్నారు. చేతుల్లో యాలకుల రొట్టెలు, కాఫీ కెటిళ్ళు. ముందు వరసలో హిల్దా, కీర్తనల పుస్తకం పట్టుకుని. పొయ్యి దగ్గర టోపీ లేకుండా వైనో. ఎవరో తన వెనక నిలబడి పాడుతుంటే, అమ్మ కోసం ఊరంతా వచ్చిందనుకుని అతను ఇంకా ఎక్కువ ఏడుస్తున్నాడు.

తలుపులోంచి ముందు ఆవిరి వచ్చింది. దాని వెనక ఉడికిన ఎండ్రకాయలా రెయినో వచ్చాడు.

పాట ఆగింది. ఒక రొట్టె కింద పడింది.

"ఎవరు పోయారు?" అన్నాడు రెయినో.

"నువ్వేరా," అంది హిల్దా పిన్ని, పుస్తకంలో వేలు పెట్టుకునే. "మూడో చరణంలో ఉన్నాం."

"నేను బతికే ఉన్నాను."

"కనబడుతోంది. కంబళి పైకి లాగు."

వైనో లేచి రెండడుగులు ముందుకి వేశాడు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేద్దామనుకుని, తొక్క ఊడి వస్తుందేమోనని ఆగాడు. "తమ్ముడూ, ఏడ్చింది చాల్లేరా. అమ్మ పెద్ద వయసులోనే పోయింది," అన్నాడు.

"ఎవడ్రా ఏడ్చింది?" సౌనా గడప దాటాడు కాబట్టి రెయినో గొంతుకి ఇక అడ్డు లేదు. "చెప్పు. ఎన్ని ఫొటోల రీలు ఎక్కించావు?"

వైనో చూపు తమ్ముడి చేతిలోని కెమెరా మీద పడింది. గుబ్బ లేదు. గుబ్బ ఉండవలసిన చోట కన్నం ఉంది. అతని ముఖంలోంచి అమ్మ పోయింది, నాన్న కెమెరా వచ్చింది.

"ఏం చేశావురా దాన్ని?"

"ముందు నేనడిగింది చెప్పు."

"ఎన్నింటి దగ్గర ఆగింది?"

"ఇరవై."

వైనో తన బూట్లు చూసుకున్నాడు. "ఆ రోజు కొట్లో ఇరవైవే ఉన్నాయి."

"చెప్పలేదే."

"నువ్వడగలేదు."

రెయినో నోరు తెరిచాడు. గంటన్నరగా లోపల పేరుకున్నదంతా బయటికి వచ్చింది. దయ్యంతో మొదలై, దయ్యం చుట్టపక్కాలందరినీ పలకరించి, కొడవలి దగ్గరికి పోయి, పొలం గట్టు మీదుగా కట్టెల దగ్గరికి వచ్చింది. ఒక్క కట్టె చాలకపోయిందా, రెండెందుకు వేశావన్నాడు. వైనో ఊరుకోలేదు. నాన్న కెమెరాని స్క్రూడ్రైవరుతో పొడిచే చేతులకి ఆవు పొదుగు కూడా ఇవ్వకూడదన్నాడు. నిన్ను వెచ్చగా ఉంచుదామనుకున్నానే, బుద్ధిలేక, గడ్డకట్టి చావనివ్వాల్సింది అన్నాడు. నల్లబట్టల జనం రొట్టెలు పట్టుకుని కాసేపు ఇటు, కాసేపు అటు తలలు తిప్పారు.

"స్ప్రింగేదిరా?" అని అరిచాడు వైనో. "దాని కింద స్ప్రింగుంటుంది, అదేదీ?"

"నాకేం తెలుసు? లోపలెక్కడో చచ్చింది."

హిల్దా పిన్ని కళ్ళద్దాలు సర్దుకుని ముందుకి వంగింది. "రెయినో, కదలకు," అంది. కంబళికి జానెడు పైన, అతని పొట్టకి అతుక్కుని ఉన్నదాన్ని రెండు వేళ్ళతో పీకింది. వెండ్రుకలతో సహా వచ్చింది. "ఇదేనా?"

ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. ఆమె దాన్ని సెల్మా చేతిలో పెట్టింది.

చావుకి తెచ్చిన రొట్టె ఇంటికి తిరిగి తీసుకుపోకూడదు. అందుకని అందరూ గడ్డి మీద కూర్చుని తిన్నారు. రెయినో తన దినం కాఫీ తనే నిలబడి మూడు కప్పులు తాగాడు, చల్లగా ఉందని తిట్టుకుంటూ.

సెల్మా పట్నం వెళ్ళి రీలు, ఫొటోలు కూడా కడిగిపెట్టే మందుల కొట్లో ఇచ్చింది. వారం తర్వాత ఫొటోలు వచ్చాయని కబురొస్తే ఆమే వెళ్ళి తెచ్చింది. వస్తూ వస్తూ కొత్త రీలు కూడా పట్టుకొచ్చింది. ఆ సాయంత్రం అన్నదమ్ములు వంటింటి బల్లకి చెరోపక్క కూర్చున్నారు. స్ప్రింగు బిగించిన కెమెరా మధ్యలో ఉంది.

పంతొమ్మిది ఫొటోలు పక్కకి నెట్టారు. మొదటిది మిగిలింది. సౌనా మెట్టు మీద అమ్మ నవ్వుతోంది. పళ్ళు లేని నోరు పూర్తిగా తెరిచి, కళ్ళు మూసుకుపోయేలా నవ్వుతోంది. ఒక చెయ్యి కెమెరా వైపు చాపి ఉంది. ఫొటో అంచున ఒక సగం మనిషి ఉన్నాడు. వైనో. నోరు తెరిచి, వేలు చూపిస్తూ ఏదో అరుస్తున్నాడు.

"నీ మీదే నవ్వుతోంది," అన్నాడు వైనో. "నువ్వు కెమెరా మూత తీయకుండా ఫొటో తీయబోయావు ఆ రోజు."

"నీ మీద. గుడ్డివాడా అని అరుస్తున్నావు చూడు."

"మూత తీయలేదని అరిచాను."

"తీశాను కాబట్టేగా ఫొటో వచ్చింది."

అమ్మ ఇద్దరి మధ్యా బల్ల మీద నవ్వుతూనే ఉంది. ఈసారి ఎవరూ గొంతు పెంచలేదు. వైనో జేబురుమాలు తీసి ముక్కు చీదాడు. రెయినో కిటికీ వైపు తిరిగి, వాన పడేలా ఉందని మబ్బుని తిట్టాడు. ఒక్క మబ్బూ లేదు.

వారం ఆలస్యమైనా, కెమెరా అన్నకి ఇచ్చే వేళ అయింది. నియమం ప్రకారం కొత్త రీలు ఇచ్చేవాడే ఎక్కించాలి. రెయినో వేళ్ళకి ఇంకా బొబ్బలున్నాయి, అందుకని సెల్మాయే ఎక్కించి, తలుపు మూసి ఇచ్చింది. వైనో కెమెరా తీసుకుని, గుబ్బ ఒకసారి తిప్పి చూసి, బాగానే ఉందన్నట్టు తలాడించి వెళ్ళిపోయాడు.

ఆ రోజు కొట్లో పన్నెండు ఫొటోల రీళ్ళే ఉన్నాయి. సెల్మాని ఎవరూ అడగలేదు.